ఎమ్మెస్సీ సీటు వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను నమ్ముకుని చేరవచ్చా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెబుతాను. మీ చెల్లెలు బీజెడ్‌సీతో (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ పూర్తి చేసింది. తెలంగాణ పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీపీగెట్ మొదటి విడత కౌన్సెలింగ్‌లో మీ జిల్లా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సెల్ఫ్ ఫైనాన్స్ సీటు వచ్చింది. మీ ఊరికి దగ్గర్లో ఉన్న ప్రైవేటు పీజీ కాలేజీ వాళ్లేమో ఇంటికి వచ్చి, "మా దగ్గర చేర్చండి, రూపాయి కట్టక్కర్లేదు, అంతా స్కాలర్‌షిప్‌లో పోతుంది" అంటున్నారు. హైదరాబాద్ నుంచి ఒక ఏజెంటు ఫోన్ చేసి, ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయకపోయినా ఎంబీఏ సీటు ఇప్పిస్తానని, దానికీ రీయింబర్స్‌మెంట్ వస్తుందని చెబుతున్నాడు. మీరు బీసీ-డి, నాన్నగారు కౌలు రైతు, ఇప్పుడు చేతిలో ఉన్నది 20 వేలు. ఏ సీటు తీసుకోవాలి అని అడిగారు.

ఏజెంటు చెప్పిన సీటు వదిలేయండి. క్యాంపస్ సీటును గడువులోగా ఖరారు చేసుకుని, రెండో విడతలో రెగ్యులర్ సీటుకు, అంటే తక్కువ ఫీజు సీటుకు, ఆప్షన్లు పెట్టించండి. అది రాకపోతే ఈ సెల్ఫ్ ఫైనాన్స్ సీటులోనే చేర్చండి. ప్రైవేటు కాలేజీ గురించి కింద విడిగా రాస్తాను. అక్కడ చేర్చాలనుకుంటే మాత్రం వాళ్లు నోటితో చెప్పింది కాగితం మీద రాయించుకున్న తర్వాతే.

నేను 22 ఏళ్లు కాలేజీ ఆఫీసులో పనిచేశాను. అందులో ఎక్కువ భాగం స్కాలర్‌షిప్ సెక్షన్‌లోనే. ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో వచ్చిన దరఖాస్తులు ఫార్వర్డ్ చేయడం, బిల్లుల కోసం జిల్లా సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరగడం, డబ్బులు రాలేదని ఏడ్చే పిల్లలకు సర్దిచెప్పడం, ఇదే నా ఉద్యోగం. ఆ అనుభవంతో చెబుతున్నాను.

చాలామంది కుటుంబాలు ఒకచోట పొరబడతాయి. మనం బీసీ, మన ఆదాయం తక్కువ, కాబట్టి ఎక్కడ చేరినా ఫీజు ప్రభుత్వమే కడుతుంది అనుకుంటారు. అలా కాదు. కులం, ఆదాయం సరిపోవడం సగం మాత్రమే. మిగతా సగం సీటు ఎలా వచ్చింది అన్నదాని మీద ఆధారపడుతుంది. ఎంట్రన్స్ రాసి, ర్యాంకుతో, కన్వీనర్ కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకే రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాకు రాదు. కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లలో నేరుగా చేర్చుకునే స్పాట్ అడ్మిషన్‌కు రాదు. దూరవిద్యకు రాదు. అదే కాలేజీ, అదే క్లాసు, అదే బెంచీ అయినా పక్క పక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడం నేను ప్రతి సంవత్సరం చూశాను.

ఏజెంటు మాటకు వద్దన్నది ఇందుకే. ఐసెట్ రాయకుండా ఇప్పిస్తానన్నాడంటే అది కన్వీనర్ సీటు కాదు. నా దగ్గరికి ఒకసారి ఒక అబ్బాయి వచ్చాడు. ఇలాగే వేరే ఊళ్లో ఎంబీఏలో చేరాడు. చేరేటప్పుడు 15 వేలు తీసుకుని, "మిగతాది స్కాలర్‌షిప్ వస్తే మేమే జమ చేసుకుంటాం" అన్నారట. నాలుగు నెలల తర్వాత ఈపాస్ దరఖాస్తు పెట్టబోతే కన్వీనర్ జాబితాలో పేరు లేదు. అప్పటికి టెన్త్ మెమో నుంచి డిగ్రీ ప్రొవిజనల్ దాకా ఒరిజినల్స్ అన్నీ కాలేజీ బీరువాలో ఉన్నాయి. రెండేళ్ల ఫీజూ కడితేనే ఇస్తామన్నారు. ఏజెంటు ఫోను ఎత్తలేదు. వాళ్ల నాన్న ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కాగితాలు విడిపించుకున్నాడు. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఆ అప్పు తీరడానికి ఎంత కాలం పట్టిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ అబ్బాయి తర్వాత కూడా నన్ను కలిసేవాడు.

ఇక సెల్ఫ్ ఫైనాన్స్, రెగ్యులర్ తేడా. యూనివర్సిటీ క్యాంపస్‌లోనూ, ప్రభుత్వ పీజీ కాలేజీల్లోనూ రెగ్యులర్ సీటు ఫీజు ఏడాదికి సాధారణంగా కొన్ని వేలల్లోనే ఉంటుంది. సెల్ఫ్ ఫైనాన్స్ అంటే అదే క్యాంపస్, దాదాపు అదే అధ్యాపకులు, అదే డిగ్రీ. ఫీజు మాత్రం కొన్ని రెట్లు ఎక్కువ. కెమిస్ట్రీలో, ముఖ్యంగా ఆర్గానిక్‌లో, ఫార్మా కంపెనీల వల్ల గిరాకీ ఎక్కువ కాబట్టి ఈ సీట్లు ఎక్కువగా కనిపిస్తాయి. సీపీగెట్ వెబ్ ఆప్షన్ల పేజీలో ప్రతి కోర్సు పక్కనా అది రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా, ఫీజు ఎంత అన్నది ఉంటుంది. పిల్లలు కాలేజీ పేరు చూస్తారు, ఆ గడి చూడరు. రెండో విడతలో ఆ గడి చూసుకుంటూ ఆప్షన్లు పెట్టించండి. మీ జిల్లాకే పరిమితం కావద్దు. ఉస్మానియా, కాకతీయ, నల్గొండ మహాత్మాగాంధీ, కరీంనగర్ శాతవాహన, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలు, కోఠిలోని చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం కూడా అదే కౌన్సెలింగ్ కిందికి వస్తాయి. ఆడపిల్లను దూరం పంపాలంటే ఇంట్లో టెన్షన్ ఉంటుందని తెలుసు. క్యాంపస్ హాస్టల్ దొరికే చోట రెగ్యులర్ సీటు వస్తే, ఇంటి దగ్గర ప్రైవేటు కాలేజీకి రోజూ బస్సులో పంపడం కన్నా మొత్తం ఖర్చు తక్కువ కావచ్చు. లెక్క వేసి చూడండి.

ఒక జాగ్రత్త. రెండో విడతలో ఇప్పుడున్న సీటు కన్నా నిజంగా మేలైనవే ఆప్షన్లుగా పెట్టాలి. కొత్త సీటు వచ్చిందంటే పాతది పోతుంది. "ఊరికే ఉంటుందిలే" అని పెట్టిన పదిహేనో ఆప్షన్ వచ్చి, చేతిలో ఉన్న మంచి సీటు పోగొట్టుకున్న వాళ్లు ఉన్నారు.

ఇప్పుడు డబ్బు సంగతి. తెలంగాణలో బీసీలకు కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఈపాస్‌లో రెండు భాగాలుంటాయి. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్. ఎంటీఎఫ్ అంటే భోజనం, వసతికి ఇచ్చే మెయింటెనెన్స్. హాస్టల్‌లో ఉండే వాళ్లకు ఎక్కువ, ఇంటి నుంచి వెళ్లి వచ్చే వాళ్లకు తక్కువ.

ఆర్‌టీఎఫ్ వస్తుందంటే మొత్తం ఫీజు వస్తుందని కాదు. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన) విద్యార్థులకు చాలా కోర్సుల్లో ఒక పరిమితి ఉంటుంది. ఇంజినీరింగ్‌లో 35 వేలు అన్న మాట మీరు వినే ఉంటారు. ఎంబీఏ, ఎంసీఏలకు అది 27 వేలు. కాలేజీ ఫీజు అంతకన్నా ఎక్కువుంటే ఆ తేడా మీ జేబులోంచే. అందుకే క్యాంపస్ ఆఫీసుకు వెళ్లినప్పుడు "స్కాలర్‌షిప్ ఉందా?" అని అడగవద్దు. ఉందనే చెబుతారు. "బీసీ-డి అమ్మాయికి, ఈ కోర్సులో, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు, పోయిన ఏడాది ఆర్‌టీఎఫ్ ఎంత మంజూరైంది? మిగతాది ఎంత కట్టించుకున్నారు?" అని అడగండి. సెక్షన్ క్లర్కు రిజిస్టరు చూసి రెండు నిమిషాల్లో చెప్పగలడు. వీలైతే రెండో ఏడాది చదువుతున్న ఒక బీసీ విద్యార్థిని కూడా అడగండి. ఇద్దరి జవాబూ కలిస్తే అది నిజం.

దీనికన్నా పెద్ద విషయం ఆలస్యం. మంజూరు వేరు, డబ్బు రావడం వేరు. దరఖాస్తు పెట్టాలి, కాలేజీ ఫార్వర్డ్ చేయాలి, జిల్లా అధికారి మంజూరు చేయాలి, బిల్లు తయారై ట్రెజరీకి వెళ్లి టోకెన్ నంబరు పడాలి. కాగితం అక్కడిదాకా ఆరు నెలల్లో చేరుతుంది. టోకెన్ పడ్డాక నిధులు విడుదలయ్యే దాకా ఏడాదో రెండేళ్లో పట్టవచ్చు. తెలంగాణలో 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పీజీ రెండేళ్ల కోర్సు. కోర్సు అయిపోయేటప్పటికి మొదటి ఏడాది డబ్బు కూడా రాని బ్యాచ్‌లు నా చేతుల మీదుగా వెళ్లాయి.

ఆ ఆలస్యం భారం ఎవరి మీద పడుతుందన్నదే అసలు ప్రశ్న. యూనివర్సిటీ క్యాంపస్‌కు జీతాలు ప్రభుత్వం నుంచి వస్తాయి, కాబట్టి రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనా తట్టుకుంటుంది. చిన్న ప్రైవేటు పీజీ కాలేజీకి ఆ డబ్బే జీతాలు, ఆ డబ్బే అద్దె. అది రాకపోతే వాళ్ల చేతిలో మిగిలేది మీ చెల్లెలి సర్టిఫికెట్లు. నేను పనిచేసిన చోట ఒక అమ్మాయికి ఎమ్మెస్సీ అవగానే ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. పది రోజుల్లో ఒరిజినల్స్ చూపించాలి. రెండేళ్ల బకాయి కడితేనే టీసీ, మెమోలు ఇస్తామని యాజమాన్యం పట్టుబట్టింది. ఫైలు నా టేబుల్ మీదే ఉంది, సంతకం నా చేతిలో లేదు. వాళ్లమ్మ పాడి గేదెను అమ్మి కట్టింది. మరో పద్నాలుగు నెలలకు ప్రభుత్వం డబ్బు వచ్చింది. దాన్ని వాళ్లకు తిరిగి ఇప్పించడానికి నేను ఆ ఏడాదంతా నోట్ ఫైళ్లు రాశాను. చివరికి ఇచ్చారు. గేదె మాత్రం పోయింది. ఇప్పటికీ ఆ విషయం తలచుకుంటే బాధగానే ఉంటుంది.

అందుకే నా దగ్గరికి వచ్చే వాళ్లకు ఎప్పుడూ ఒకటే చెబుతాను: తక్కువ ఫీజు సీటే మీకు అందే అన్నిటికన్నా నమ్మకమైన ఆర్థిక సాయం. 60 వేల ఫీజు మీద 60 వేల రీయింబర్స్‌మెంట్ కన్నా, 8 వేల ఫీజు ఉన్న సీటు మేలు. మొదటి దాంట్లో మీరు ప్రభుత్వం విడుదల చేసే తేదీ కోసం ఎదురుచూస్తారు. రెండో దాంట్లో, ఎంత ఆలస్యమైనా ఆ 8 వేలు ఎలాగో కట్టుకుని కాగితాలతో బయటపడగలరు.

ప్రైవేటు కాలేజీనే ఎంచుకోవాల్సి వస్తే? కొన్ని ఊళ్లలో వేరే దారి ఉండదు, అమ్మాయిని దూరం పంపలేని కారణాలు ఇంట్లో ఉండవచ్చు. తప్పేమీ లేదు. మంచి కాలేజీలూ ఉన్నాయి. కానీ సీటు మాత్రం సీపీగెట్ కౌన్సెలింగ్ ద్వారానే రావాలి. "స్పాట్‌లో తీసుకుందాం, అదీ ఇదీ ఒకటే" అంటే నమ్మకండి. చేరేటప్పుడు ఒక అండర్‌టేకింగ్ మీద సంతకం పెట్టిస్తారు. ప్రభుత్వం నుంచి ఫీజు రాకపోతే మేమే కడతాం అని అందులో ఉంటుంది. నింపని కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం చేయవద్దు. ఎంత మొత్తానికి హామీ ఇస్తున్నారో అంకె రాయించి, ఒక కాపీ తీసుకోండి. ట్యూషన్ ఫీజు కాక స్పెషల్ ఫీజు, ల్యాబ్ ఫీజు, యూనివర్సిటీ ఫీజు అని విడివిడిగా అడుగుతారు. రెండేళ్లకూ కలిపి ఎంతో లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. "రూపాయి కట్టక్కర్లేదు" అన్న మనిషి అది రాసివ్వడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

ఒరిజినల్స్ గురించి తెలుసుకోవాల్సిన నిబంధన ఒకటుంది. యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం సర్టిఫికెట్లను సరిచూసుకుని విద్యార్థికి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, దగ్గర ఉంచుకోకూడదు. అందులోనే ఫీజు వాపసు లెక్క కూడా ఉంది. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకన్నా ముందే సీటు వదులుకుంటే, కొద్దిపాటి ప్రాసెసింగ్ ఖర్చు మినహా మొత్తం ఇవ్వాలి. 15 రోజుల కన్నా తక్కువ వ్యవధి ఉంటే 90 శాతం, చివరి తేదీ దాటాక 15 రోజుల్లోపు అయితే 80, 30 రోజుల్లోపు అయితే 50. ఆ తర్వాత ఏమీ రాదు. రెండో విడతలో సీటు మారితే ఇది మీకు పనికొస్తుంది.

అమలులో చాలా కాలేజీలు ఒరిజినల్స్ ఉంచుకుంటూనే ఉన్నాయి, నిజమే. అయినా నిబంధన తెలిసిన తల్లిదండ్రులతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది, ఆఫీసులో కూర్చుని చూసిన వాణ్ని కాబట్టి చెబుతున్నాను. అడిగినా ఇవ్వకపోతే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, స్టాంపు వేయించుకుని, కాపీని యూనివర్సిటీ రిజిస్ట్రారుకు పంపండి. 2023 యూజీసీ నిబంధనల కింద ప్రతి యూనివర్సిటీ ఒక అంబుడ్స్‌పర్సన్‌ను నియమించాలి. కాలేజీ స్థాయిలో తేలని విద్యార్థుల ఫిర్యాదులు అక్కడికి వెళ్తాయి.

ఇంకో ప్రశ్న మీరు అడగలేదు గానీ తర్వాత వస్తుంది. "ముందు దీంట్లో చేర్చి, నచ్చకపోతే వచ్చే ఏడాది ఎంబీఏకి మారుద్దామా?" వద్దు. ఒక పీజీ పూర్తి చేసి అదే స్థాయిలో రెండో పీజీకి స్కాలర్‌షిప్ అడిగితే రాదు. మధ్యలో మానేసి మారినా దరఖాస్తు దగ్గర చిక్కులే. ఎమ్మెస్సీయా, ఎంబీఏయా అన్నది ఈ వారమే, అమ్మాయి ఇష్టం అడిగి తేల్చుకోండి.

మిగతా దారులు క్లుప్తంగా. డిగ్రీలో మంచి మార్కులుంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో యూజీసీ ఇచ్చే పీజీ స్కాలర్‌షిప్‌కు తప్పకుండా దరఖాస్తు పెట్టించండి. నెలకు 15 వేల చొప్పున ఏడాదికి పది నెలలు. దేశం మొత్తానికి 10 వేల మందికి, అందులో 30 శాతం ఆడపిల్లలకు. డిగ్రీ మార్కుల ఆధారంగా ఎంపిక చేస్తారు, మొదటి ఏడాదిలో ఉండగానే పెట్టాలి. చాలామంది ఈపాస్ ఒక్కటే అనుకుని దీన్ని వదిలేస్తారు. వస్తే మాత్రం ఈపాస్‌తో కలిపి తీసుకోవచ్చా అన్నది కాలేజీలో అడిగి, ఏది ఎక్కువో అది ఉంచుకోండి. ఇది చదివే ఎంటెక్, ఎంఫార్మసీ వాళ్లకు ఒక మాట: గేట్ లేదా జీప్యాట్ స్కోరుతో ఏఐసీటీఈ అనుమతి ఉన్న కాలేజీలో చేరితే నెలకు 12,400 వస్తుంది, రెండేళ్లపాటు. స్కోరు లేకుండా పీజీసెట్‌తో చేరిన వాళ్లకు ఇది ఉండదు.

బ్యాంకు రుణం గురించి. 4 లక్షల దాకా మామూలుగా తాకట్టు అడగరు, మార్జిన్, అంటే ఖర్చులో మీ వంతు, కట్టక్కర్లేదు. కోర్సు అయ్యాక ఏడాది వరకు కంతులు మొదలు కావు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన సంస్థల్లో చేరిన వాళ్లకు హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. ముందు మీ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో విద్యాలక్ష్మి పోర్టల్‌లో చూడండి. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకునే వాళ్లకు ఆ రాయితీ వర్తించదు. మీ పరిస్థితిలో నేనైతే పెద్ద రుణం తీసుకోమనను. హాస్టల్ ఖర్చుకు చిన్న మొత్తం అవసరమైతే మాత్రం ఊళ్లో మూడు రూపాయల వడ్డీ కన్నా బ్యాంకు మేనేజరు దగ్గర రెండు సార్లు కూర్చోవడం నయం. హాస్టల్‌కు కూడా ముందు బీసీ సంక్షేమ శాఖ పోస్ట్ మెట్రిక్ హాస్టల్‌లో సీటు ప్రయత్నించండి. అవి త్వరగా నిండిపోతాయి, కాలేజీలో చేరిన రోజే దరఖాస్తు ఇవ్వాలి.

ఆంధ్రప్రదేశ్ నుంచి చదివే వాళ్లు ఈ లెక్కలు అలాగే వాడుకోవద్దు. అక్కడ 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు పీజీ కాలేజీల్లో చేరే వాళ్లకు రీయింబర్స్‌మెంట్ ఆపేశారు, యూనివర్సిటీ, ప్రభుత్వ కాలేజీల వాళ్లకు ఉంచారు. ప్రైవేటు కాలేజీలో చేరే ముందు ఆ ఏడాది అమల్లో ఉన్న ఉత్తర్వు కాపీ చూపించమని అడగండి.

ఇక మీరు రేపే చేయాల్సిన పని. మీసేవలో ఆదాయ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. మీ దగ్గర ఉన్నది పాతదన్నారు, అది పనికిరాదు. తర్వాత టెన్త్ మెమో, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు పక్క పక్కన పెట్టి చెల్లెలి పేరు చూడండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో చివర ఉండటం, ఒక అక్షరం తేడా, పుట్టిన తేదీ తేడా, వీటి వల్ల ఆగిపోయిన దరఖాస్తులు ఆదాయం ఎక్కువై ఆగిపోయిన వాటికన్నా నా దగ్గర ఎక్కువ. టెన్త్ మెమోనే ఆధారంగా పెట్టుకుని మిగతావి మార్పించండి. బ్యాంకు ఖాతా ఆమె పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి, వాడకం లేక స్తంభించి ఉండకూడదు. ఈపాస్ తెరిచిన మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టి, వేలిముద్ర వేయించి, ప్రింటు మీద కాలేజీలో ఇచ్చిన తేదీ వేయించుకోండి. హాజరు 75 శాతం తగ్గకుండా చూసుకోమనండి. నెలకొకసారి అప్లికేషన్ నంబరుతో స్టేటస్ చూస్తూ ఉండాలి. కాలేజీ దగ్గరే రెండు నెలలు దాటి ఆగితే వెళ్లి అడగాలి, మర్యాదగానే, కానీ వదలకుండా. రెండో ఏడాది రెన్యువల్ మళ్లీ పెట్టాలి, దానంతట అది జరగదు.

రెండో విడత ఫలితం వచ్చాక ఏ యూనివర్సిటీలో ఏ సీటు వచ్చిందో, ఫీజు గడిలో ఎంత ఉందో ఇక్కడే రాయండి. కాలేజీ వాళ్లు ఇచ్చే అండర్‌టేకింగ్‌ను సంతకం పెట్టే ముందు పేర్లు, నంబర్లు కప్పేసి పెడితే చదివి ఏ వాక్యం మార్పించుకోవాలో చెబుతాను.